ఎట్ల వచ్చింది?
(అమరచింత సభలో చేసిన స్మారకోపన్యాసం)

 

ఎవరి స్మృతిలో మనం కూడామో ఆయన పేరు ఆహ్వానపత్రంలో ఉంది. నేను ఆయన్ని ఎన్నడూ పేరుతో పిలవలేదు. సారు అనేవాణ్ని, ఇప్పుడూ అదే అంటాను. వారపత్రికలో వచ్చే పదబంధ ప్రహేళికను నింపగలిగినవాళ్లు మన ఊళ్లో ఎందరో ఉండేవారు. నింపిన ప్రతి గడికీ కారణం చెప్పగలిగింది సారు ఒక్కరే. జవాబు చెప్పగానే ఆయన మెచ్చుకునేవారు కాదు. "ఎట్ల వచ్చింది?" అని అడిగేవారు. చెప్పలేకపోతే ఆ గడి చెరిపించేవారు. ఆ ప్రశ్నకు మన సీమలో చాలా పెద్ద చరిత్ర ఉంది. అదే ఈ సాయంత్రం నా విషయం.

ఈ ఆట తెలియని పిల్లల కోసం ముందు నాలుగు ఆధారాలు. మొదటిది: "దేవతల దిగులు మన ఊరు", అయిదు గడులు. దేవతలు అమరులు, దిగులు చింత. అమరచింత. రెండోది: "నిద్రలో వచ్చేది, దేవుడిచ్చేది కలిస్తే గాభరా", నాలుగు గడులు. నిద్రలో వచ్చేది కల, దేవుడిచ్చేది వరం, రెండూ కలిస్తే కలవరం. మూడోది: "తల తిరిగిన తీగ", రెండు గడులు. ఇక్కడ తల తిరగడమంటే కళ్లు తిరగడం కాదు, ఆ రెండక్షరాలను వెనక నుంచి చదవమని. లత. నాలుగోది: "గందరగోళం వలన పెద్ద కథ పుట్టింది", మూడు గడులు. చదివితే ఊళ్లో ఏదో గొడవ జరిగినట్టుంటుంది. 'వలన' అన్న మూడక్షరాలే గందరగోళంలో పడి చోట్లు మార్చుకున్నాయి. నవల.

ప్రతి ఆధారంలోనూ రెండు దారులున్నాయి. ఒకటి అర్థం దారి, మరొకటి అక్షరాల దారి. రెండూ ఒకే మాట దగ్గర కలవాలి. కలిస్తే అది సరైన జవాబని మనకు మనమే నిర్ధారించుకోవచ్చు, మరో వారం జవాబుల కోసం ఆగనక్కరలేదు. ఒక్క దారే దొరికితే అది ఊహ మాత్రమే. సారు గడి చెరిపించింది అందుకే.

గళ్ల పటం మనకు బయటి నుంచి వచ్చింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన పజిల్‌తో అది మొదలైంది. ఆధారాలు అప్పట్లో సూటిగా ఉండేవి. వాటిలో మర్మం నింపింది ఇంగ్లండు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోవిస్ మేథర్స్ కూర్చిన పజిళ్లు ఆ దేశపు చదువరులను ముప్పుతిప్పలు పెట్టాయి. 1930 ఫిబ్రవరి 1న టైమ్స్ పత్రిక కూడా మొదలుపెట్టింది. ముప్పుతిప్పలు పెట్టడానికి హద్దు ఉండాలన్నవాడు ఆఫ్రిట్ అనే మరో కూర్పరి. ఆధారం పైకి వేరేదో అంటున్నట్టు కనిపించవచ్చు, కానీ చెప్పదలచినదాన్ని మాత్రం అక్షరాలా చెప్పి తీరాలని 1949లో ఆయన సూత్రం పెట్టాడు. 1966లో జిమెనిస్ అనే ఇంకో కూర్పరి దాన్ని ఒక పుస్తకంగా విస్తరించాడు. ఇంగ్లీషులో చరిత్ర ఇంతే, చిన్నది.

మన చరిత్ర అంతకంటే పాతది, అదీ మన పొరుగునే ఉంది. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో ప్రహేళిక ఉంది, సమస్యాపూరణం ఉంది. దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు. అవి శాస్త్రాల మాటలు. కృష్ణ ఒడ్డున జటప్రోలులో ఏం జరిగిందో చూడండి. పదిహేడో శతాబ్దంలో సురభి ప్రభువుల ఆశ్రయంలో ఎలకూచి బాలసరస్వతి రాఘవ యాదవ పాండవీయం రాశారు. ఒకే పద్యం, మూడు కథలు. ఒక తీరుగా విడదీస్తే రాముడి కథ, మరో తీరుగా విడదీస్తే కృష్ణుడి కథ, ఇంకో తీరుగా విడదీస్తే పాండవుల కథ. అంతకు ముందే పింగళి సూరన రాఘవపాండవీయంలో రెండు కథలు నడిపాడు. మన సీమ కవి మూడోదాన్ని జోడించాడు. ఇందాకటి 'కలవరం'లో కల, వరం అని విరిచామే, అలా మాటను విరిచి అర్థం తీసే పద్ధతికి అలంకారశాస్త్రంలో సభంగ శ్లేష అని పేరు. నాలుగక్షరాల్లో మనం చేసినదాన్ని ఆయన కావ్యం పొడుగునా చేశాడు. అదే వంశంలో సురభి మాధవరాయలు చంద్రికాపరిణయం రాశాడు. ప్రభువే కవి, అదీ శ్లేష కవి.

గడులు ఒకదాన్నొకటి కోసుకోవడం కూడా మనకు కొత్త కాదు. పద్మబంధంలో నడుమ ఉన్న ఒక్క అక్షరం రేకులన్నిటికీ చెందుతుంది. ఒక రేకులో అది సరిపోయి మరో రేకులో సరిపోకపోతే పద్యమంతా పోతుంది. అడ్డం నిలువు కలిసే గడి చేసే పని అదే.

ఇక అవధానం. తిరుపతి వేంకట కవులు మన ఆత్మకూరుకు, గద్వాలకు వచ్చారు. ఆ రాజదర్శనాల పద్యాలు నానారాజ సందర్శనంలో చూడవచ్చు. ఆత్మకూరు అంటే అమరచింత సంస్థానానికి రాజధాని అని పిల్లలకు గుర్తుచేస్తున్నాను. అవధానంలో న్యస్తాక్షరి ఉంది. పద్యంలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలని పృచ్ఛకుడు ముందే చెబుతాడు. నిలువు నింపేశాక అడ్డానికి మిగిలిన గడిలాంటిదే అది. వ్యస్తాక్షరి ఉంది. ఒక వాక్యంలోని అక్షరాలను వరస తప్పించి ఒక్కొక్కటిగా అందిస్తారు, అవధాని వాటిని మనసులోనే సర్దుకొని చివరకు వాక్యం చెప్పాలి. 'వలన' నుంచి 'నవల' తీయడం ఆ విద్యలో మొదటి మెట్టు. సమస్య సంగతి చెప్పనక్కరలేదు. వినగానే తప్పుగానో అసంభవంగానో తోచే పాదాన్ని ఇస్తారు. అవధాని దాని మొదటి అక్షరాన్ని ముందు పాదంలోని మాటకు కలిపి విరుపు మారుస్తాడు, దోషం మాయమవుతుంది. సభ చప్పట్లు కొట్టేది పద్యానికి మాత్రమే కాదు, విరుపు ఎక్కడ పడిందో తెలిసిన క్షణానికి కూడా.

ఇక్కడే నా అసలు మాట. మన సంప్రదాయంలో దాచినవాడి పని దాచడంతో పూర్తి కాలేదు. విప్పేవాడు వచ్చాడు, వాడికీ కవి పక్కనే పీట వేశారు. సూరన రెండు కథల కావ్యానికి ముద్దరాజు రామన వ్యాఖ్య రాశాడు. చంద్రికాపరిణయానికి జటప్రోలు సంస్థాన పండితులు వెల్లాల సదాశివశాస్త్రి, అవధానం శేషశాస్త్రి శరదాగమం పేరుతో వ్యాఖ్య రాశారు. ఆ వ్యాఖ్య లేకుండా ఆ కావ్యాన్ని ఆస్వాదించగలవాళ్లు ఇవాళ ఎందరున్నారు? వ్యాఖ్యాతలందరికీ పెద్ద దిక్కు మల్లినాథసూరి మెదకు సీమ కొల్చారం వాడు. కాళిదాసును లోకానికి విప్పి చెప్పినవాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన ముందే మాట ఇచ్చాడు. ఆఫ్రిట్ సూత్రం దాచేవాడికి కట్టిన కట్టు. మల్లినాథుడి మాట విప్పేవాడు తనకు తాను వేసుకున్న కట్టు. రెండూ కలిస్తేనే ఈ విద్య పూర్తవుతుంది.

ఆ రెండో కట్టు లేకపోతే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నగదు బహుమతుల పోటీలు పత్రికలను ముంచెత్తాయి. "ఆపదలో అక్కరకొచ్చేది" అని ఆధారమిస్తే బలం రాయవచ్చు, ధనం రాయవచ్చు. ఏది సరైనదో ముందే సీలు వేసిన కవరులో ఉంటుంది. ఎందుకు సరైనదో ఎక్కడా ఉండదు. ఎట్ల వచ్చిందని అడిగితే చెప్పేవాడు లేడు. 1955లో ప్రభుత్వం బహుమతి పోటీల చట్టం తెచ్చి, నెలకు వెయ్యి రూపాయలకు మించి బహుమతి ఇవ్వరాదని కట్టడి చేసింది. 1957లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూ, అది జూదం లాంటి పోటీలకే వర్తిస్తుందని, నేర్పు ప్రధానమైన పోటీలు వేరని తేల్చింది. నేర్పుకూ జూదానికీ నడుమ ఆ గీతను ఎక్కడ గీయాలో సారును అడిగితే ఒక్క ప్రశ్నతో చూపించేవారు.

తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటివారు పదబంధ ప్రహేళికలు కూర్చారు. మహాకవులకు ఇది కాలక్షేపం అనుకోకండి. తెలుగులో గడి కట్టడం ఇంగ్లీషు కంటే కష్టం. వాళ్లకు గడికి ఒక అక్షరం, అక్షరాలు ఇరవై ఆరు. మనకు గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ ఒకే గడిలో ఇమడాలి. అడ్డంలో 'క' పడితే నిలువులో 'కా' కుదరదు, 'క్క' అసలే కుదరదు. ఇంత కష్టపడి కట్టినదాన్ని మన పత్రికలు ఎలా ముగిస్తున్నాయి? మరో వారం ఒక మూలన, చిన్న అచ్చులో, నింపిన గళ్లు వేసి ఊరుకుంటున్నాయి. రాని గడి దగ్గర ఆగిపోయిన పాఠకుడు జవాబు చూస్తాడు, అది ఎట్ల వచ్చిందో తెలియదు, తనకు తెలుగు రాదనుకొని పక్కన పెట్టేస్తాడు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. అతడికి రాకపోయింది భాష కాదు. అతడికి విప్పి చెప్పినవాడు లేడు.

అందుకని సంపాదకులను ఈ వేదిక నుంచి ఒకటి కోరుతున్నాను. జవాబు పక్కన ఒక్క వాక్యం వేయండి. అర్థం ఏది, విరుపు ఎక్కడ, తిరగేయమన్న సూచన ఏ మాటలో ఉంది, అంతే చాలు. ఆ వాక్యం రాయవలసి వస్తుందని తెలిస్తే కూర్చేవారు కూడా డొంకతిరుగుడు ఆధారాలు మానేస్తారు. మన మాటలకూ చోటు దొరుకుతుంది. మన చేలల్లో పండే బుడ్డలు గడుల్లోకి ఎక్కకపోవడానికి కారణం, గుంటూరు పాఠకుడికి అవి వేరుశనగలని తెలియదేమోనన్న జంకు. పక్కన వివరణ ఉంటే ఆ జంకు దేనికి? ఆయన ఒక వారం ఓడిపోతాడు, ఆ మాట నేర్చుకుంటాడు. మరో వారం ఆయన ఊరి మాట దగ్గర మనం ఓడిపోతాం.

పిల్లలకు ఒక పని చెప్పి సెలవు తీసుకుంటాను. మీ మీ ఊరి పేరుకు తలా ఒక ఆధారం కట్టండి. కింద జవాబు, దాని కింద అది ఎట్ల వచ్చిందో రాయండి. గ్రంథాలయం గోడ మీద అతికించడానికి కాగితాలు, గుండుసూదులు బల్ల మీద పెట్టించాను.