అద్దె చీటీలో లేని ఖర్చులు
(అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత నెలలో మీరు మెయింటెనెన్స్ కింద ఎంత చెల్లించారని అడిగితే ఈ హాలులో ప్రతి ఒక్కరూ తడుముకోకుండా సమాధానం చెప్పగలరు. ఆ సొమ్ము దేనికి ఎంత ఖర్చయిందని అడిగితే చెప్పగలిగేవారు బహు కొద్దిమంది. ఈ రెండు ప్రశ్నలకూ మధ్యనున్న ఖాళీ గురించే ఈనాడు మాట్లాడదలచాము. మన వేదికల మీద విద్య, ఉపాధి, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు తరచుగా చర్చకు వస్తాయి. అవన్నీ అవసరమే. కాని ఒక సాధారణ కుటుంబం సంపాదనలో పెద్ద భాగాన్ని ప్రతి నెలా హరిస్తున్నది ఇల్లు. దాని జమాఖర్చుల గురించి మనం సభలు పెట్టుకోవడం అరుదు.

హైదరాబాదులో ఒక మధ్యతరగతి అపార్ట్‌మెంటును ఊహించుకుందాం. ఇరవై ఫ్లాట్లు. ఒక్కొక్కటి 1,200 చదరపు అడుగులని కాగితం మీద ఉంటుంది. ఆ 1,200లో మెట్లు, లిఫ్టు గది, వరండా, గోడల మందం అన్నీ కలిసే ఉంటాయి. నిజంగా మనం చాప పరచుకొని కూర్చోగల జాగా 850, మహా అయితే 900 అడుగులు. దీనినే కార్పెట్ ఏరియా అంటారు. 2016 నాటి రెరా చట్టం దీనిని స్పష్టంగా నిర్వచించి, అమ్మేవాడు దీనినే చెప్పాలని నిర్దేశించింది. అయినా మెయింటెనెన్స్ లెక్క వేసేటప్పుడు మాత్రం ఆ పాత 1,200 మీదనే వేస్తారు. అడుగుకు రెండున్నర రూపాయలు అనుకుంటే ఫ్లాటుకు 3,000. ఇరవై ఫ్లాట్లకు నెలకు 60,000. ఏడాదికి ఏడు లక్షల ఇరవై వేలు. ఒక చిన్న పాఠశాల జీతాల పద్దుకు తీసిపోని సొమ్ము ఇది. అయినా చాలాచోట్ల ఒకరి జేబులో, ఒక నోటు పుస్తకంలో, రసీదు లేకుండా తిరుగుతూ ఉంటుంది.

ఈ సొమ్ములో కాపలాదారు జీతం ఉన్నది, లిఫ్టు సంస్థకు కట్టే వార్షిక ఒప్పందపు రుసుము ఉన్నది, మెట్ల దీపాలకూ మోటారుకూ అయ్యే ఉమ్మడి మీటరు బిల్లు ఉన్నది, ట్యాంకు శుభ్రం చేయించడం, చెత్త బండి, మురుగు కాలువ పూడిక తీత ఉన్నాయి. ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాము. ఖర్చు తగ్గించాలని కమిటీ కూర్చున్న ప్రతిసారీ మొదటి కత్తెర కాపలాదారు జీతం మీదనే పడుతున్నది. సెల్లారులో పంపు పక్కన ఒకే గదిలో భార్యాబిడ్డలతో కాపురం ఉండే ఆ మనిషి ఇరవై కుటుంబాల పొదుపును మోయవలసిన పని లేదు. పొదుపు చేయదగిన చోట్లు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది నీరు. పట్టణ నీటి సరఫరాకు మన దేశంలో ప్రమాణంగా తీసుకునే లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి రోజుకు 675 లీటర్లు, నెలకు 20,250 లీటర్లు. హైదరాబాదు జలమండలి 2021 జనవరి నుండి ప్రతి ఇంటికీ నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితమని ప్రకటించిన సంగతి మీకు తెలిసినదే. అంటే కాగితం మీద చూస్తే ఒక కుటుంబపు అవసరం దాదాపు పూర్తిగా ఉచితంగా తీరిపోవాలి! ఆచరణలో ఏమి జరుగుతున్నది? ఆ సౌకర్యం పొందడానికి నీటి మీటరు పనిచేస్తూ ఉండాలి, ఆధార్ అనుసంధానం జరిగి ఉండాలి, అపార్ట్‌మెంటులలో ఆ పని ఫ్లాట్లవారీగా పూర్తి కావాలి. నాలుగు ఫ్లాట్ల యజమానులు దుబాయిలోనో జిద్దాలోనో ఉండి ఆ కాగితం పంపకపోతే వారి వాటా బిల్లు అందరి నెత్తిన పడుతుంది. నీరు రోజు విడిచి రోజు వస్తుంది. ఎండాకాలంలో బోరు అడుగంటుతుంది. అప్పుడు వీధి మలుపులో టాంకరు కనబడుతుంది.

ఆ లెక్క కూడా వేసి చూద్దాం. ఇరవై ఇళ్లకు రోజుకు 13,500 లీటర్లు. టాంకరు 5,000 లీటర్లది. పూర్తిగా టాంకర్ల మీదనే ఆధారపడితే రోజుకు ఇంచుమించు మూడు టాంకర్లు. టాంకరుకు వెయ్యి రూపాయలే అనుకున్నా నెలకు తొంభై వేలు. అంటే మొత్తం మెయింటెనెన్స్ కంటే ఎక్కువ. సగం నీరే కొన్నా నలభై ఐదు వేలు. ఇంతటి ఖర్చు వస్తుందని తెలిసీ, ఆ యజమానుల చేత ఒక కాగితం తెప్పించడానికి, పాడైన మీటరు మార్పించడానికి, వాననీటిని బోరులోకి మళ్లించే గుంటను పూడిక తీయించడానికి ఎవరూ పూనుకోరు. టాంకరు డబ్బు తలా ఇంత వేసుకోవడం తేలిక కనుక వేసుకుంటారు. ఈ అదనపు వసూలుకు అసలు లెక్కే ఉండదు. ఎన్ని టాంకర్లు వచ్చాయో వ్రాసి పెట్టేవారు లేరు.

ఇక ఈ ఖర్చును ఎవరు భరిస్తున్నారు? నెల నెలా వాడుకొనే వాటికి అద్దెకున్నవారు ఇవ్వడం న్యాయమే. వాచ్‌మన్, కరెంటు, నీరు, చెత్త వారు వాడుకొనేవే. కాని లిఫ్టు మోటారు మార్చడం, భవనానికి రంగులు వేయించడం, బోరు మరో రెండు వందల అడుగులు దింపించడం ఆస్తి విలువను కాపాడే పనులు. అవి యజమానివి. నేడు జరుగుతున్నది వేరు. యజమాని ఊళ్లో ఉండడు, ఫోను ఎత్తడు. కమిటీవారు ఎదురుగా కనబడే అద్దెదారు తలుపే తడతారు. అతడు ఇస్తాడు. ఇచ్చి, అద్దెలో తగ్గించుకోమని యజమానిని అడగడానికి జంకుతాడు.

ఎందుకు జంకుతాడు? ఈ ప్రశ్నకు జవాబు మనలో చాలామందికి స్వానుభవమే. ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు అద్దె కుదురుతుంది, అడ్వాన్సు కుదురుతుంది, చివరన పేరు అడుగుతారు. పేరు చెప్పిన తరువాత ఒక మౌనం. "మా ఆవిడను అడిగి చెబుతామండీ", "అసోసియేషన్ వారు ఒప్పుకోరండీ", "మాది శాకాహారం బిల్డింగు అండీ". మాట మాత్రం ఎంతో మర్యాదగానే ఉంటుంది. ఆ మర్యాద వెనుక తలుపు మూసుకుపోతుంది. ముస్లిములు కోరుకున్న ప్రాంతంలో ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం కష్టమవుతున్నదని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించింది. ఈ అనుభవాన్ని మనం ఎప్పుడూ అవమానంగానే చెప్పుకుంటాము. అది అవమానమే, సందేహం లేదు. అయితే అది ఒక ఖర్చు కూడా.

పది ఇళ్లు కాదన్న తరువాత దొరికిన పదకొండవ ఇంట్లో మనం బేరమాడము. ఏజెంటు ఒక నెల అద్దె కమీషన్ అంటే సరేనంటాము. నిజానికి 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెను మించరాదన్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన శాసనంగా చేసుకుంటే తప్ప అమలులోకి రాదు. కనుక నాలుగు నెలలు అడిగినా ఇస్తాము. పదకొండు నెలల ఒప్పందం ముగిసి అద్దె పెంచితే, మళ్లీ వెతుకులాట ఎవరు పడతారని ఒప్పుకుంటాము. ఉప్పల్‌లో ఉద్యోగం చేస్తూ మెహదీపట్నంలో కాపురం ఉండేవాని బస్సు ఖర్చు, పెట్రోలు ఖర్చు, రోజుకు రెండు మూడు గంటల కాలం ఈ ఖాతాలోనివే. అన్నింటికీ మించి, లెక్క అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనన్న భయం మన నోరు కట్టేస్తున్నది. ఇల్లు దొరకడమే ఎవరో చేసిన ఉపకారంగా భావించేవాడు రసీదు అడగడు.

చట్టం ఏమైనా ఆదుకుంటుందా అని యువకులు అడుగుతున్నారు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. రాజ్యాంగం 19వ అధికరణ దేశంలో ఎక్కడైనా నివసించే హక్కునిచ్చింది. 15వ అధికరణ మతం పేరిట వివక్షను నిషేధించింది. కాని ఆ నిషేధం ప్రధానంగా ప్రభుత్వానికి వర్తిస్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రహదారుల విషయంలో ప్రజలందరికీ వర్తిస్తుంది. ప్రైవేటు ఇంటి అద్దె ఆ జాబితాలో లేదు. పైగా 2005లో అహ్మదాబాదులోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకొనే నిబంధన చెల్లుతుందని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సచార్ కమిటీ సిఫారసు చేసిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. కనుక అద్దెకు నిరాకరించిన వారిని రేపే కోర్టుకు ఈడుస్తామని ఎవరైనా ఉపన్యసిస్తే నమ్మవద్దు. చట్టం కోసం పోరాడవలసిందే. అది వచ్చేదాకా ఇప్పటికే మన చేతిలో ఉన్న హక్కులను వదులుకోనవసరం లేదు.

అలాగని మన పేటలలో, మనవారే కట్టిన, మనవారే ఉంటున్న భవనాలలో పరిస్థితి మెరుగ్గా ఉన్నదా? లేదు. బయట ఇల్లు దొరకక మన పేటకే వచ్చేవాడు ఎంతైనా ఇస్తాడని ఇక్కడి బిల్డరుకూ తెలుసు. రెండు వందలు, మూడు వందల గజాల స్థలంలో ఐదంతస్తులు లేస్తాయి. స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 600 గజాలకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరాలో నమోదు అవసరం లేదు. మన ఇరుకు పేటల నిర్మాణాలు అధిక భాగం ఈ మినహాయింపులోనే ఉంటాయి. పెద్ద ప్రాజెక్టులో ఫ్లాటు కొన్నవాడికి స్వాధీనం తరువాత ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలని అడిగే హక్కు ఉన్నది. సంఘం ఏర్పడేదాకా సౌకర్యాలను నడిపే బాధ్యత బిల్డరుదే. మూడు వందల గజాల భవనంలో కొన్నవాడు ఆ గొడుగు కింద లేడు. అతడే రెట్టింపు జాగ్రత్తపడాలి. కాని బిల్డరు మన బంధువనో, మన మస్జిదులో మొదటి వరుసలో నిలబడతాడనో మనం కాగితాలు అడగము.

ముఖ్యంగా అడగవలసిన కాగితం నివాసయోగ్యతా ధ్రువపత్రం, ఓ.సి. అంటారు. అనుమతి నాలుగంతస్తులకు తీసుకొని ఐదవది వేసిన భవనానికి అది రాదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఈ పత్రం చూపితేనే కరెంటు, నీరు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలనీ, బ్యాంకులు కూడా దానిని పరిశీలించాకే రుణమివ్వాలనీ ఆదేశించింది. ఇక మీదట ఓ.సి. లేని ఫ్లాటు చవకగా వస్తున్నదంటే ఆ తగ్గింపును జీవితాంతం టాంకర్లకు కడతామని అర్థం. దస్తావేజులో మీ పేరిట వచ్చే విభజించని స్థలం వాటా ఎన్ని గజాలో కూడా చూసుకోండి. ముప్పై ఏళ్లకు భవనం శిథిలమైనప్పుడు మీకు మిగిలేది ఆ గజాలే.

డబ్బు లెక్కలతో పాటు దినచర్య లెక్కలూ ఉన్నాయి. రంజాన్‌లో సహరీ వేళకు నీరు కావాలంటే మోటారు రాత్రి పదకొండుకే వేయాలి. ఈ మాట నెల మొదలు కాకముందే కమిటీలో చెప్పి వ్రాయించుకున్న భవనాలలో తగవు రాలేదు. బక్రీదు నాడు సెల్లారులో ఖుర్బానీ చేసి వ్యర్థాలను కాలువలోకి వదిలితే తరువాత వారం రోజులు మూసుకుపోయేది ఇరవై ఇళ్ల కాలువ. ఆ పని నిర్దేశిత స్థలాలలోనే జరగాలి. ఐదవ అంతస్తులో మరణం సంభవించినప్పుడు చిన్న లిఫ్టులో జనాజా పట్టదు. ఇరుకు మెట్ల మీద, మలుపు మలుపు దగ్గర ఆపుకుంటూ నలుగురు దించవలసి వస్తుంది. అన్ని మతాలవారి ఇళ్లలోనూ ఇదే అవస్థ. కొత్తగా కొనేవారు పడకగదుల సంఖ్యతో పాటు స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉన్నదా, మెట్ల వెడల్పు ఎంత అని కూడా చూడాలి.

మరి ఏమి చేయాలి? 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చును. సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. అప్పుడు నగదు వసూలు ఆగిపోతుంది. నెలాఖరున ఒక్క కాగితం: వచ్చినది ఇంత, పోయినది ఇంత, ఎవరు బాకీ, లిఫ్టు పక్కన అతికించాలి. టాంకరు వచ్చిన రోజు, దాని బండి నంబరు వాచ్‌మన్ పుస్తకంలో ఎక్కాలి. అద్దెదారులకు ఓటు లేకపోయినా లెక్క చూసే హక్కు ఇవ్వాలి, ఎందుకంటే చెల్లిస్తున్నది వారే. ఎవరైనా జి.ఎస్.టి. పేరుతో అదనంగా అడిగితే రిజిస్ట్రేషన్ నంబరు చూపమనండి; నెలకు 7,500 రూపాయల లోపు మెయింటెనెన్స్‌కు ఆ పన్ను లేదు. అద్దె ఒప్పందంలో ఏ మరమ్మతు ఎవరిదో ఒక్క వాక్యం వ్రాయించుకోండి. మిశ్రమ భవనాలలో ఉన్న మనవారు కమిటీలోకి రమ్మంటే వెనుదీయవద్దు. కోశాధికారిగా ఒక ముస్లిం గృహిణి ఏడాదిపాటు పైసా తేడా లేకుండా లెక్క చూపిన భవనంలో తరువాతి ఫ్లాటు ఖాళీ అయినప్పుడు యజమాని పేరు అడిగే తీరు మారుతుందని మా నమ్మకం.

ఈ సభకు వచ్చేటప్పుడు గత ఆరు నెలల మెయింటెనెన్స్ చీటీలు, నీటి బిల్లు తెచ్చుకోమని చెప్పి ఉన్నాము. తెచ్చినవారు మగ్రిబ్ నమాజు తరువాత పక్క గదిలో కూర్చోండి. ఒక్కొక్క భవనం లెక్క విడివిడిగా చూద్దాం. తేనివారు తమ నీటి మీటరు తిరుగుతున్నదో లేదో రేపు ఉదయం చూసి, ఆ అంకె వ్రాసుకొని వచ్చే ఆదివారం రండి.