పాత లారీ కింద పైపులు

విజయవాడ ఆటోనగర్ షెడ్లకొచ్చే పాత లారీల కిందికి వంగి చూడండి. చాలావాటికి బ్రేకు గాలి పైపు, డీజిల్ పైపు, కరెంటు వైర్లు అన్నీ కలిపి ట్యూబు ముక్కతో కట్టేసి ఉంటాయి. ఇది ప్రమాదం. అదురుకు పైపు ఛాసిస్ అంచుకు రాసుకుని అరిగిపోతుంది. వైరు తొడుగు చిరిగి నిప్పురవ్వ లేస్తే, పక్కనే డీజిల్! గాలి పైపు పగిలిందా, స్ప్రింగ్ బ్రేకు ఉన్న బండి నడిరోడ్డు మీద పట్టేస్తుంది. అది లేని బండికి పెడల్ తొక్కినా బ్రేకు పడకపోవచ్చు.

ముందు వైర్లను పైపుల నుంచి విడదీయించండి. పైపులను సైలెన్సరుకు ఎడంగా తిప్పి, మూరకొకటి చొప్పున రబ్బరు పొదిగిన క్లిప్పులు వేయించండి. ముందు చక్రాల దగ్గర మాత్రం కాస్త వదులుండాలి. స్టీరింగు రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. గాలి జాయింట్లకు సబ్బు నురగ రాస్తే, బుడగ లేచినచోట లీకున్నట్టే. దాళ్వా ధాన్యం లోడుకు దివిసీమ వైపు బయల్దేరే ముందే ఈ పని చేయించుకోండి.