దూరదేశంలో మనవాళ్ళు



పోయిన వారం మన రాత్రి బడిలో "ఓటు" అనే మాట రాశాం. అందరూ రాశాక వెనక కూర్చున్న అక్క ఒకామె నన్ను అడిగింది. "టీచరమ్మా, మా ఆయన దుబాయిల ఉన్నడు. ఈడ ఎవరు గెలిస్తే ఆయనకేంది? ఆయన బతుకు ఎవరి చేతుల ఉన్నది?"

ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి పోయి చదువుకున్నాను. ఈ రోజు చెప్తాను.

మన దిక్కు నుంచి ఎక్కువగా బొంబాయి, పుణె పోతారు. తాండూరులో రైలెక్కితే చాలు. ఎంత దూరం పోయినా అదీ మన దేశమే. కష్టమొస్తే మళ్ళీ రైలెక్కి ఇల్లు చేరవచ్చు. గల్ఫ్ అట్లా కాదు. కరీంనగర్, నిజామాబాద్ దిక్కు వాళ్ళు ఎక్కువ పోయారు. మన ఊళ్ళ నుంచీ కొందరు పోయారు. నడుమ సముద్రం ఉంది. పాస్‌పోర్టు, వీసా లేకుండా అడుగు పడదు.

మరి ఓటు? విదేశంలో ఉన్నవాళ్ళు కూడా 2011 నుంచి ఓటరు లిస్టులో పేరు రాయించుకోవచ్చు. కానీ ఓటు వేయాలంటే ఊరికి రావాలి. కూలికి పోయినవాడు విమానం టికెట్ కొని వస్తాడా? రాడు.

ఇప్పుడు కువైట్ సంగతి వినండి.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. దేశాన్ని పట్టుకుంది. అప్పుడు అక్కడ మన దేశం వాళ్ళు లక్షకు పైగా ఉన్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇళ్ళల్లో వంట చేసే ఆడవాళ్ళూ ఉన్నారు. బ్యాంకులు మూతపడ్డాయి. దాచుకున్న దినార్లకు విలువ పోయింది. విమానాలు ఆగిపోయాయి. వాళ్ళు చేసిన తప్పేముంది? ఇద్దరు పొరుగువాళ్ళు నూనె గురించి, అప్పుల గురించి కొట్లాడుకున్నారు. నడుమ మనవాళ్ళు నలిగారు.

అదే నెలలో ఇక్కడ ఏం జరుగుతున్నది? ఆగస్టు 7న ప్రధాని వి.పి. సింగ్ మండల్ రిజర్వేషన్లు ప్రకటించారు. ఉత్తరాదిలో పెద్ద గొడవలు అయినయి. పేపర్ల నిండా అదే. మన రాష్ట్రానికి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. ఒకప్పుడు తాండూరు నుంచే ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి. డిసెంబరులో ఆయన దిగిపోయారు. ఇవన్నీ మనకు పెద్ద సంగతులే. కానీ కువైట్‌లో చిక్కుకున్న మనిషికి ఇవేవీ అక్కరకు రాలేదు. ఇరాక్ దారి ఇస్తుందా, జోర్డాన్ లోపలికి రానిస్తుందా? ఆయన గుండెలో ఆ రెండు ప్రశ్నలే.

మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ పోయారు. సద్దాం హుస్సేన్‌ను కలిశారు. దేశం మీద పడి దోచుకున్నవాడితో మాటలేమిటని చాలామంది తప్పు పట్టారు. నాకూ ఆ మాట సబబే అనిపించింది. కానీ మాట్లాడకపోతే దారి దొరికేదా? జనం బస్సుల్లో బాగ్దాద్ మీదుగా, ఎడారి దాటి జోర్డాన్ చేరారు. కొందరు గుడారాల్లో రోజుల తరబడి ఉన్నారు. అక్కడి అమ్మాన్ నగరం నుంచి ఎయిర్ ఇండియా విమానాలు బొంబాయికి నడిచాయి. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా దాదాపు 500 సార్లు. లక్షకు పైగా జనం ఇల్లు చేరారు.

దేశానికీ దేశానికీ నడుమ ఇట్లా నడిచే వ్యవహారాన్ని చదువుకున్నవాళ్ళు భౌగోళిక రాజకీయం అంటారు. మాట పెద్దది. సంగతి గట్టు పంచాయితీ లాంటిదే.

పటం చూడండి. ఇది గల్ఫ్ సముద్రం. బయటికి వచ్చే ఇరుకు దారి ఇది. పేరు హోర్ముజ్. బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. వికారాబాద్ నుంచి తాండూరు అంత కూడా లేదు. కువైట్, ఖతార్ ఓడలు ఇందులో నుంచే రావాలి. మన సిలిండర్‌లో గ్యాస్ కూడా చాలావరకు ఆ దిక్కుదే. 2025 జూన్ 23న ఇరాన్ ఖతార్‌లోని అమెరికా సైనిక స్థావరం మీద మిసైళ్ళు వేసింది. అక్కడి విమానాలు కొన్ని గంటలు ఆగినయి. ఆ రాత్రి గల్ఫ్‌లో మనవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో ఎవరు నిద్రపోయారు?

అంటే ఇక్కడి ప్రభుత్వంతో పని లేదని కాదు అక్కా. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం జీవో ఇచ్చింది. అది ఇక్కడి ఓటు బలమే. కానీ ఆ మనిషి బతికుండగా, పని ఉంటదా, దారి తెరిచి ఉంటదా అన్నది బయటి దేశాల చేతుల్లోనే ఎక్కువ ఉంది. ఓటు వేసేది మీరు. కాబట్టి ఓటు అడగ వచ్చినవాళ్ళను ఆ సంగతి కూడా అడగండి.

ఇంకొక మాట. కువైట్ నుంచి వచ్చినవాళ్ళకు తర్వాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం ఇప్పించింది. ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, కొందరికి 4,000. దానికి దరఖాస్తు పెట్టాలి. అక్కడ ఉన్నట్టు కాగితం చూపాలి. పాస్‌పోర్టు సేఠు దగ్గరే ఉండిపోయినవాళ్ళు ఏం చూపాలి?

అందుకే వచ్చే వారం పలకలు వద్దు. మీ ఇంట్లో ఎవరైనా బయటి దేశంలో ఉంటే వాళ్ళ పాస్‌పోర్టు జిరాక్స్ తెండి. నంబరు నోటుబుక్కులో రాసుకుందాం. ముందు ఒక ఇంగ్లీషు అక్షరం, వెనక ఏడు అంకెలు ఉంటయి. ఆ అక్షరం నేను నేర్పిస్తాను. అంకెలు మీకు వచ్చు.