వేగం లెక్క మనకూ తెలియాలి

(మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో పొదుపు సంఘాల స్త్రీలతో జరిగిన సమావేశాల్లో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది విన్న మాట ఒకటుంది: "ఫోటో ఎక్కట్లేదు, నెట్ స్లో, రేపు రామ్మా." ఆ రేపటికి మనం ఒక రోజు కూలి పోగొట్టుకుంటాం. పైగా మనకే ఫోను వాడటం రాదనే మాట కూడా పడతాం. కాబట్టి ఈ వేగం అంటే ఏమిటో, దాని లెక్క ఏమిటో ముందు తెలుసుకుందాం.

బోరు వేయించినప్పుడు మనం "రెండించీల నీళ్ళు పడ్డాయి" అంటాం. ఇంటర్‌నెట్‌కీ అలాంటి కొలత వుంది. క్షణానికి ఎన్ని బిట్లు పారుతున్నాయన్నదే వేగం. కంపెనీవాళ్ళు ప్రకటనల్లో వేసేది మెగాబిట్లలో. కానీ మన ఫోనులో ఫోటో బరువు కనిపించేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. పేర్లు ఒకేలా వినిపిస్తాయి గానీ తేడా ఎనిమిది రెట్లు. మూడు మెగాబైట్ల ఫోటో అంటే ఇరవైనాలుగు మెగాబిట్లు. క్షణానికి 2 మెగాబిట్ల వేగం వుంటే అది పోవడానికి 12 క్షణాలు పడుతుంది.

ఈ 2 మెగాబిట్లు వూరికే చెప్పిన అంకె కాదు. 2004లో ప్రభుత్వం 256 కిలోబిట్లు వుంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. 2013లో దాన్ని 512 చేసింది. 2023 జనవరిలో కనీసం 2 మెగాబిట్లు వుండాలని నిర్ణయించింది. అయితే ఇది దించుకునే వేగానికి పెట్టిన హద్దు. అంటే సినిమా చూడటానికి పనికొచ్చే వేగం. మనం ఫోటో పంపాలంటే కావలసింది ఎక్కించే వేగం. మొబైల్‌లో అది సాధారణంగా దించుకునే వేగం కన్నా తక్కువగా వుంటుంది. పైగా ఒక టవరు కింద వున్న ఫోన్లన్నీ దాని సామర్థ్యాన్ని పంచుకోవాలి. మదనపల్లె టమాటా మార్కెట్లో జనం కిక్కిరిసిన వేళ ఒక్కొక్కరికీ దక్కేది తగ్గుతుంది. కొండపక్క పల్లెలో జనం తక్కువే, కానీ అక్కడ సిగ్నలే బలహీనం.

రేషను దుకాణంలో వేలిముద్ర సంగతి వేరు. అది చాలా చిన్న సమాచారం, దానికి పెద్ద వేగం అక్కర్లేదు. పోయి తిరిగి రావడం తెగకుండా వుంటే చాలు. అది తెగితే తప్పు మీ వేలిది కాదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. చాలా ప్లాన్లలో రోజుకి ఇంత డేటా అని వుంటుంది. అది అయిపోగానే వేగం 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఇందాకటి ఫోటోకే అప్పుడు ఆరుంబావు నిమిషాలు పడుతుంది. ఇంట్లో ఒకే ఫోను వున్నప్పుడు పగలంతా ఆయనా, పిల్లవాడూ వాడుకుంటారు. వంటా గిన్నెలూ అయ్యాక అది మన చేతికి వస్తుంది. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తిన్నట్టే, వేగంలోనూ మనకు మిగిలిందే దక్కుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు దాదాపు 49 మంది. ఈ తేడాకి కారణం టవరు ఒక్కటే కాదు.

కుప్పంలో మన స్త్రీలకు యంత్రాలు కొత్త కాదు. 2002లో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ అనే పథకం పెట్టాయి. అందులో పొదుపు సంఘాల స్త్రీలు కొందరు డిజిటల్ కెమెరా, ప్రింటరు, ఎండతో నడిచే పలక పట్టుకుని పల్లెల్లో ఫోటోలు తీసి, అక్కడికక్కడే అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. ఆ ఫోటో ఏ తీగ మీదా ప్రయాణం చెయ్యనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఫోటో మనకు సంపాదన కాక పరీక్ష అయింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర యాప్‌లో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి హాజరు వేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక హాజరు పడలేదనీ, కూలి పోయిందనీ చాలా రాష్ట్రాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. తవ్విన మట్టి కళ్ళెదుట వుంది, కానీ ఫోటో లేదు కాబట్టి పని చెయ్యలేదట! కెమెరా మారలేదు, అది ఎవరి చేతిలో వుందన్నది మారింది.

ఇది హక్కుల ప్రశ్న అని కోర్టులూ గుర్తించాయి. 2019లో కేరళలో ఒక విద్యార్థిని, ఆడపిల్లల హాస్టల్లో ఫోను మీద పెట్టిన ఆంక్షను ప్రశ్నించింది. ఇంటర్‌నెట్ అందుబాటు చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమని అక్కడి హైకోర్టు చెప్పింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటర్‌నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు, వృత్తి చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ వుందని చెప్పింది. అయినా జమ్మూకాశ్మీర్‌లో ఎక్కువ ప్రాంతాలను 2021 ఫిబ్రవరి దాకా 2జి వేగంలోనే వుంచారు. తీగ పూర్తిగా కొయ్యనక్కర్లేదు, వేగం తగ్గించినా నోరు కట్టినట్టే.

మరి మనం ఏం చెయ్యాలి? ఫోటో ఎక్కని ప్రతిసారీ తేదీ, టైము, చోటు సంఘం పుస్తకంలో రాయండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేగం కొలిచి, ఎక్కించే వేగం అంకె పక్కన వేయండి. కంపెనీకి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. పరిష్కారం దొరక్కపోతే అదే కంపెనీలో పై స్థాయి అప్పీలు వుంది. ఆఫీసులో "రేపు రా" అంటే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి. ఇంట్లో కూడా అడగండి, ఇవాళ్టి డేటాలో నా వాటా ఎంత అని.

మనం ఒక్కటే అడుగుతున్నాం. యంత్రం ఆగిన రోజు కాగితం మీద హాజరు వెయ్యాలి. సర్వర్ ఆగితే కూలి ఆగకూడదు.