పాట కొట్టివేసిన తరువాత



నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న భద్రాచలమున ఆలయము కట్టించి, సర్కారు పైకమునకు లెక్క చెప్పలేక గోలకొండ చెరలో పడిన కథ మన ప్రాంతమున పసిబిడ్డలకును తెలిసినదే. రామలక్ష్మణులు మారువేషములతో తానీషా వద్దకు వెళ్లి ఆరు లక్షల బాకీ చెల్లించి రామదాసును విడిపించిరని జనులు చెప్పుకొందురు. ఆ కథలో భక్తులు కన్నీరు పెట్టు ఘట్టములు అనేకములు కలవు. కాని లెక్కల మనిషి కంటికి అందులో మరియొక విశేషము కనబడును. పైకము చెల్లించిన వెంటనే వారు తానీషా చేత రసీదు వ్రాయించుకొనిరట! సొమ్ము చెల్లించుట ఒక ఎత్తు, ఒప్పుకొను రూపములో చెల్లించి దానికి ఆధారము చేతబట్టుట మరియొక ఎత్తు అని ఆ కథ కట్టినవారికి బాగుగా తెలిసియుండవలెను.

ఈనాటి ప్రసంగ విషయము అదియే. ఖమ్మము మైదానమును భద్రాచలపు అడవియు కలిసికొను ఈ సీమలో వేలములకు కొదువ లేదు. తునికాకు యూనిట్లు, డిపోలలోని కలప లాట్లు, కాగితపు మిల్లులకు పోవు జామాయిలు కర్ర, వెదురు – ఇవన్నియు టెండరు మూలమునో, వేలము మూలమునో చేతులు మారుచుండును. వేలమనగానే మనకు స్ఫురించునది హెచ్చుపాట. ఎంతకు పాడెను, ఎవరు గెలిచిరి అనునదే ఊరివారికి కావలసిన ముచ్చట. పాట గెలిచినవాడు సొమ్ము ఏ రూపమున, ఎన్ని దినములలో, ఎవరి పేరిట చెల్లించవలెనో ఆలోచించువారు తక్కువ. నష్టపోవువారిలో పెక్కుమంది ఇక్కడనే నష్టపోవుదురు.

మొదట చట్టము మాట. 1930 నాటి సరుకుల విక్రయ చట్టములో 64వ సెక్షను వేలములను గురించినది. వేలము వేయువాడు సుత్తి కొట్టియో, ఆచారముగా వచ్చు మరియొక సంజ్ఞ చేసియో పాట ముగించినప్పుడే అమ్మకము పూర్తియగునని ఆ సెక్షను చెప్పుచున్నది. అంతవరకు పాటదారు తన పాటను వెనుకకు తీసికొనవచ్చును. ‘మూడోసారి’ అన్న తరువాత వెనుకకు పోవు దారి లేదు. ఆపైన నడుచునది వేలపు షరతుల రాజ్యము. ధరావతు ఎంత, మిగిలిన పైకమునకు గడువెంత, గడువు దాటినచో ధరావతు జప్తగునా కాదా అనునవన్నియు ఆ షరతుల కాగితములోనే ఉండును. దానిని చదువక పాట పాడుట లోతు తెలియక గోదావరిలో దిగుట వంటిది.

చెల్లింపు రూపమును గూర్చిన చిక్కు మన సీమకు కొత్తది కాదు. 1860లో నైజాము నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చిన భద్రాచలము తాలూకా 1874లో చెన్నపట్టణపు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. ఖమ్మము నైజాము రాజ్యములోనే నిలిచినది. ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు అనునది మారకపు లెక్క. హద్దుకు ఇరుప్రక్కల వ్యాపారము చేయు వర్తకుడు ఏడువందల హాలీ రూపాయలు మూటగట్టినచో అవతల అతనికి ఆరువందల బలమే. బేరమాడునప్పుడు ఏ రూపాయిలో బేరమాడుచున్నాడో మరచినవానికి పాట కొట్టివేసిన తరువాత వందకు వంద కళ్లు తెరచుకొనెడివి. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసిన తరువాత కూడ హాలీ నాణెము కొన్నాళ్లు చెల్లినది. 1959లో దాని చెల్లుబడి ముగిసినది. భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాను విడిచి ఖమ్మము జిల్లాలో చేరినదియు ఆ 1959లోనే! జిల్లా ఒకటైన ఏటనే నాణెము చిక్కును తీరుట చరిత్రలోని ఒక ముచ్చట.

నాణెము ఒకటైనది గదా, ఇక చిక్కు లేదనుకొందమా? నాణెములు రెండు పోయినవి గాని, చెల్లింపు మార్గములు పది వచ్చినవి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క హద్దు కలదు.

మొదటి మార్గము నగదు. ఒక వ్యక్తి నుండి ఒక దినమున గాని, ఒకే వ్యవహారములో గాని, ఒకే సందర్భమునకు సంబంధించిన వ్యవహారములలో గాని రెండు లక్షల రూపాయలు లేక అంతకు మించి నగదు పుచ్చుకొనరాదను ఆదాయపు పన్ను నియమము 2017 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. మొదట బడ్జెటులో మూడు లక్షలని ప్రతిపాదించి, పిదప రెండు లక్షలకు దించిరి. ఇందులో గమనింపదగిన సంగతులు రెండు. ఒకటి, పుచ్చుకొన్న మొత్తమంతయు జరిమానాగా పడవచ్చును. ఆ జరిమానా ఇచ్చినవానిపై కాక పుచ్చుకొన్నవానిపై పడును. రెండు, ప్రభుత్వము పుచ్చుకొను సొమ్మునకు ఈ నియమము వర్తింపదు. ‘అయినచో అటవీశాఖ వేలములో సంచి నిండ నోట్లు కట్టవచ్చును గదా’ అని కొందరు వాదింతురు. చట్టము అడ్డురాకపోవచ్చును గాని, షరతులు అడ్డువచ్చును. ఆన్‌లైను వేలములలో పైకము బ్యాంకు మూలముననే రావలెనని ముందే వ్రాసియుండును. మరియు అటవీ అభివృద్ధి సంస్థ వంటివి కంపెనీలుగా ఏర్పడినవి. ప్రభుత్వమునకు గల మినహాయింపు తమకును కలదని అవి చెప్పుకొనజాలవు. ఇక ప్రైవేటు వర్తకుల నడుమ జరుగు మారుబేరములకు రెండు లక్షల హద్దు తప్పదు.

రెండవ మార్గము డిమాండు డ్రాఫ్టు. యాభైవేల రూపాయలు మొదలుకొని పై మొత్తములకు నగదు తీసికొని డ్రాఫ్టు ఈయరాదని రిజర్వు బ్యాంకు నియమము. ఖాతా నుండియే సొమ్ము తగ్గింపవలెను. డ్రాఫ్టు కొన్నవాని పేరు దానిపై వ్రాయవలెనను నియమము 2018 సెప్టెంబరు 15 నుండి వచ్చినది. ఇరువదివేలు మొదలుకొని పైబడిన డ్రాఫ్టు ఖాతాకు మాత్రమే జమయగునట్లు గీత గీసి ఇత్తురు. 2012 ఏప్రిల్ 1 నుండి డ్రాఫ్టు, చెక్కుల ఆయువు మూడు మాసములకు తగ్గినది. నిరుటి వేలమునకు తీయించి పెట్టెలో దాచిన డ్రాఫ్టు ఈ ఏటి వేలమునకు ధరావతుగా పనికిరాదు.

మూడవది బ్యాంకు నుండి బ్యాంకునకు పంపు పద్ధతులు. ఆర్.టి.జి.ఎస్. అను మార్గమున రెండు లక్షలకు తక్కువ పంపుటకు వీలులేదు. పైకి హద్దు లేదు. నెఫ్టు అను మార్గమునకు క్రింది హద్దు లేదు. ఖాతా లేనివాడు నగదు చేతబట్టి నెఫ్టు పంపదలచినచో యాభైవేలే హద్దు. నెఫ్టు 2019 డిసెంబరు నుండి, ఆర్.టి.జి.ఎస్. 2020 డిసెంబరు నుండి రాత్రింబవళ్లు పని చేయుచున్నవి. ఐ.ఎం.పి.ఎస్. హద్దును 2021లో రెండు లక్షల నుండి ఐదు లక్షలకు పెంచిరి. చేతి ఫోనుతో పంపు యు.పి.ఐ.కి, కొన్ని ప్రత్యేక చెల్లింపులకు తప్ప, సాధారణముగా లక్ష రూపాయలే హద్దు. ఇవి పై హద్దులు మాత్రమే. మీ బ్యాంకు అంతకు తక్కువ హద్దు పెట్టియుండవచ్చును.

ఇప్పుడొక ఉదాహరణ ఊహింతము. పాల్వంచ ప్రాంతపు చిన్న కోత మిల్లు యజమాని ఒకడు కంపెనీ డిపోలో మూడు లక్షల ఇరువదివేలకు కలప లాటు పాడుకొన్నాడు. ఇంట నగదున్నది. ‘నేడు లక్షా అరువదివేలు, రేపు లక్షా అరువదివేలు కట్టెదను, ఏ దినమును రెండు లక్షలు దాటదు’ అనుకొన్నాడు. చెల్లదు, వ్యవహారము ఒక్కటే కావున రెండు దినముల సొమ్మును కలిపియే చూతురు. బ్యాంకులో నగదు కట్టి డ్రాఫ్టు తీయబోయినాడు. ఖాతాలో జమ కానిదే వీలులేదనిరి. ఫోనుతో పంపబోగా లక్ష వద్ద ఆగినది. బావమరది ఖాతా నుండి పంపించినాడు. పాట ఒకరి పేరున, పైకము మరియొకరి పేరున వచ్చినదని డిపో గుమాస్తా పెన్ను క్రిందపెట్టినాడు. ఇంతలో గడువు ముగిసినది, ధరావతు పోయినది. అతనిది మోసము కాదు, పైకము లేకపోవుటయు కాదు. వేలమునకు ఒకనాడు ముందు ఖాతాలో సొమ్ము వేసి, ఆర్.టి.జి.ఎస్. కాగితము నింపియుంచినచో అర్ధగంట పని! పాట మొత్తము కాక, దానిపై వచ్చు పన్నులు, మూలమున వసూలుచేయు ఆదాయపు పన్ను కూడ ఖాతాలో సిద్ధముగా ఉండవలెనని మరువరాదు.

కలప ఎండిన కొలది బలపడును. పదిదినములు ఆగినను పాడుకాదు. తునికాకు అట్టిది కాదు. వేసవి మొదలున కొమ్మ కొట్టిన నెలన్నరకు లేతాకు కోతకు వచ్చును. కొలది వారములలో కోయనిచో ఆకు ముదిరి బీడీకి పనికిరాదు. వాన పడినచో కల్లములో ఆరిన ఆకును చెడిపోవును. కట్టకు యాభై ఆకులు, వేయి కట్టలు ఒక స్టాండర్డు బ్యాగు. అనగా యాభైవేల ఆకులు. ఒక్కొక్క ఆకును వంగి చేతితో కోసినవే. 1964లో మధ్యప్రదేశ్, 1971లో ఆంధ్రప్రదేశ్ తునికాకు వ్యాపారమును ప్రభుత్వ అదుపులోనికి తెచ్చుచు చట్టములు చేసినవి. నాటి నుండి యూనిట్ల వారీగా ఆకును ప్రభుత్వము అమ్ముచున్నది. కొన్నవాడు సకాలమున ధరావతు కట్టి ఒప్పందము వ్రాయనిచో కల్లము తెరువరు. కల్లము తెరువనిచో చర్ల, దుమ్ముగూడెము అడవులలోని కోయ కుటుంబమునకు ఆ వేసవి సంపాదన లేదు. వేల మైళ్ల దూరమున కాగితముపై జరిగిన ఆలస్యము కాదు ఇది; ఒక యింటి వానకాలపు గింజల సంగతి.

సేకరించిన వారికి చెల్లించుటలో మరియొక ధర్మసందేహము కలదు. నగదు హద్దులు పెద్ద వ్యాపారిని లెక్కలోనికి తెచ్చుటకు పుట్టినవి. చిన్నవాని కడుపు కొట్టుటకు కాదు. ఈ సంగతి చట్టము చేసినవారికిని తెలియును. వ్యాపారి ఒకరికి ఒక దినమున పదివేలకు మించి నగదు చెల్లించినచో దానిని ఖర్చుగా ఒప్పుకొనరని 2017లో హద్దు బిగించిరి గాని, అటవీ ఉత్పత్తిని పండించినవారికి, సేకరించి తెచ్చినవారికి చెల్లించు సొమ్మునకును, బ్యాంకు లేని ఊరిలో చెల్లించు సొమ్మునకును మినహాయింపులు ఉంచిరి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, దానిపై అడవివాసులకు హక్కు కలదని చెప్పినది. సేకరణ కూలి కాక, అమ్మకములో ఖర్చులు పోను మిగిలిన నికర ఆదాయమును సేకరించినవారికే పంచు పద్ధతియు వచ్చినది. ఆ పంపకము బ్యాంకు ఖాతాలలోనికి పోవును.

ఖాతా మేలా, చేతిసొమ్ము మేలా? రెండింటిలోను నిజము కలదు. కల్లేదారు చేతిలో పెట్టిన నోట్లకు సాక్ష్యము లేదు. నూరు కట్టలు కోసి తెంబై కట్టల కూలి అందినచో అడుగుటకు కాగితముండదు. ఖాతాలో పడిన రూపాయి తన కథ తానే చెప్పును. కాని బ్యాంకునకు పోయి రావలెనన్న ఒక దినపు కూలి పోవును. వేలిముద్ర పడకపోయినను, ఫోనుకు సంకేతము అందకపోయినను మరియొక దినము. 2016 నవంబరు 8 రాత్రి ఐదువందల, వేయి రూపాయల నోట్లు రద్దయినప్పుడు అడవి సంతలలో నోటు ఉండియు సరుకు కొనలేని స్థితిని పెక్కుమంది చూచిరి. కావున వారపు కూలి కల్లము వద్దనే, కార్డుపై వ్రాసి, సంతకమో వేలిముద్రో తీసికొని ఇచ్చుటయు, పెద్ద పంపకము ఖాతాలో వేయుటయు న్యాయమని నా అభిప్రాయము. హద్దు ఏనుగునకు గీయవలెను గాని చీమకు కాదు.

ఇది మన దేశపు పట్టుదల మాత్రమే కాదు. ఫ్రాన్సులో 2015 నుండి దేశవాసులు వర్తకులకు వేయి యూరోలకు మించి నగదు చెల్లించుటకు వీలులేదు. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టము వ్యాపారపు నగదు చెల్లింపులకు పదివేల యూరోల హద్దు గీచినది. అది 2027 జూలై నుండి వర్తించును. లోకమంతయు పెద్ద నగదును అనుమానముతో చూచుచున్నది.

2014లో చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మొదలైన మండలములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా అయినది. హాలీ, కల్దారు లేవు గాని, హద్దు మరల మన అడవి నడుమకు వచ్చినది. ఇరుప్రక్కల షరతుల కాగితములు వేరు, రవాణా పర్మిట్లు వేరు. ఒక ప్రక్క చెల్లినట్లే రెండవ ప్రక్కయు చెల్లుననుకొనరాదు.

చివరగా నాలుగు మాటలు. షరతులను పాటకు ముందే చదువుడు. పాట ఎవరి పేరనో ఖాతాయు వారి పేరనే ఉండునట్లు చూచుకొనుడు. మీ మార్గపు హద్దేమిటో బ్యాంకులో ముందే అడుగుడు. సొమ్ము చేరిన వెంటనే రసీదు పుచ్చుకొని, అందులోని లాటు సంఖ్య, మొత్తము సరిచూచి భద్రపరచుడు. సాక్షాత్తు శ్రీరామచంద్రుడే రసీదు లేక గోలకొండ గడప దాటలేదని చెప్పుకొను సీమ మనది. మనము మాత్రము ఎందుకు దాటవలెను?