స్పీకరుకు తగిన యాంప్లిఫయరు

ఇంటికి స్టీరియో యాంప్లిఫయరు కొనదలచినవారు సాధారణముగా అడుగు ప్రశ్న ఒకటే: “ఎన్ని వాట్లది తీసుకొనవలెను?” అంగడివాడును ఆ సంఖ్యనే ముందుగా చెప్పును. కొన్నేండ్ల క్రిందట నేనును ఆ సంఖ్యకు లోబడితిని. మా నాన్నగారు ప్రతి ఉదయము తక్కువ ధ్వనిలో వీణ వినెడివారు. వారికొరకు, పెట్టెపై వేయి వాట్లని వ్రాసియున్న యాంప్లిఫయరు తెచ్చితిని. నాలుగు దినములు విని వారు, “ఇందులో వీణకంటె బుస ఎక్కువ వినబడుచున్నదిరా” అనిరి.

ఆ వేయి వాట్లు పి.ఎం.పి.ఓ. లెక్కవి, అనగా క్షణమాత్రము పుట్టు శక్తిని చూపు సంఖ్య. దానికి అందరును అంగీకరించిన కొలమానము లేదు. ఎడతెగక ఇయ్యగల శక్తి యెంత, అది ఎన్ని ఓముల స్పీకరుకు అని చెప్పినప్పుడే వాట్ల సంఖ్యకు అర్థము కలుగును.

కావున మొదట చూడవలసినది స్పీకరును. దానితో వచ్చు కాగితమున రెండు సంఖ్యలుండును. మొదటిది సెన్సిటివిటీ. ఒక వాటు శక్తి నిచ్చినప్పుడు ఒక మీటరు దూరమున ఎన్ని డెసిబెల్సు ధ్వని వచ్చునో అది తెలుపును. శక్తిని రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెల్సు మాత్రమే. అందుచేత 84 డెసిబెల్సు స్పీకరుకు 80 వాట్లు కావలసినచోట, 90 డెసిబెల్సు స్పీకరుకు 20 వాట్లు చాలును.

రెండవది ఓములు. అదే వోల్టేజికి 4 ఓముల స్పీకరు, 8 ఓములదానికంటె రెట్టింపు విద్యుత్తును లాగుకొనును. 4 ఓములకు తగినదని తయారుచేసినవారు చెప్పని యాంప్లిఫయరుకు అట్టి స్పీకరును కలిపినచో అది వేడెక్కి చెడిపోవచ్చును.

ఇక అభిరుచి. చిన్నగదిలో మెల్లగా వినునప్పుడు సగటున అర వాటైనను ఖర్చు కాకపోవచ్చును. కాని మృదంగపు దెబ్బ సగటుకంటె 20 డెసిబెల్సు పైకి లేచినచో, ఆ క్షణమున నూరురెట్ల శక్తి కావలెను. అర వాటుకు 50 వాట్లు! అంత శక్తి లేనిచో తరంగముల శిఖరములు తెగిపోయి ధ్వని కరకుగా మారును. హెచ్చుస్వరములు పలుకు చిన్న స్పీకరు కాలిపోవుటయు కలదు. పెద్దగదిలో కచేరీవలె వినగోరువారికి ఈ నిలువశక్తి ముఖ్యము. మెల్లగా వినువారికి నిశ్శబ్దము ముఖ్యము. పాట లేనప్పుడు మీరు కూర్చుండుచోట బుస వినబడరాదు. సెన్సిటివిటీ హెచ్చుగానున్న స్పీకరు ఆ బుసను కూడ పెద్దది చేయునని మరువరాదు. వాల్వుల యాంప్లిఫయరు నాదమును కోరువారు కలరు. వాని శక్తి తరచు తక్కువ కనుక, వానికి అట్టి స్పీకర్లే తగును.

కొనుటకు ముందు మీ స్పీకర్లతోనే, మీకు బాగుగ తెలిసిన రికార్డుతోనే వినిచూడుడు. రెండు యాంప్లిఫయర్లను పోల్చునప్పుడు ధ్వనిస్థాయి ఒకటిగా నుండవలెను. ఏది కొంచెము బిగ్గరగా మ్రోగునో అదియే మేలైనదని చెవి భ్రమపడును. తంత్రిని మీటిన పిమ్మట ఆ నాదము ఎంతవరకు వినబడి అణగుచున్నదో గమనింపుడు.

నేను తరువాత మా పాత స్పీకర్లకు సరిపడునట్టి 25 వాట్ల యాంప్లిఫయరు తెచ్చితిని. నాన్నగారు దానినిగూర్చి ఒక్క మాటయు అనలేదు. వీణ ముగియువరకు పత్రిక తెరువక కూర్చుండిరి.