కాలమునకు లెక్క వ్రాసిన రాళ్లు



లిపి యెరుగని కాలమున మనుష్యులు తమ జ్ఞానమును ఎచ్చట దాచుకొనిరి? గ్రంథాలయ రజతోత్సవమున ఈ ప్రశ్న వేసికొనుట ఉచితమని తలంచెదను. దానికొక సమాధానము కృష్ణాతీరమున నిలిచియున్నది.

నారాయణపేట జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దాపున, ముడుమాల్ అను గ్రామము కలదు. అచ్చట 10 మొదలు 14 అడుగుల యెత్తుగల నిలువురాళ్లు సుమారు 80 నాటబడియున్నవి. వరుసలుగా పేర్చిన చిన్నరాళ్లు వేలకొలది. ఇవి మూడున్నర వేల యేండ్లనాటి బృహచ్ఛిలాయుగపు పనియని పండితుల నిర్ణయము. అందొక రాతిని గ్రామస్థులు ఎల్లమ్మగా కొలుచుచున్నారు.

గచ్చిబౌలి యందలి హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన కె.పి. రావుగారు ఈ రాళ్లను పరిశోధించి, కొన్ని వరుసలు ఆయనాంతములందును విషువములందును సూర్యుని ఉదయాస్తమయ దిక్కులకు సరిపడుచున్నవని చూపిరి. ఒక బండపై తొలిచిన గుంటలలో సప్తర్షి మండలమును గుర్తించిరి. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో ముడుమాల్ చేరినది.

రాయి లెక్క చెప్పుట యెట్లు? సూర్యుడు నిత్యము ఒక్కచోట ఉదయింపడు. ముడుమాల్ ప్రాంతమున వేసవిలో తూర్పునకు ఉత్తరముగా 24 డిగ్రీలకు పైగా జరుగును. చలికాలమున దక్షిణముగా నంతే జరిగి మరలును. వరుస కొననుండి చూడగా బింబము ఆ వరుసలోనే తోచిన దినము, ఋతువు మరలిన దినము. చంద్రుని పన్నెండు మాసములకు 354 దినములు. సూర్యుని సంవత్సరమునకు 365. ఏటికి 11 దినముల తరుగు. జమాఖర్చులు వ్రాయు నాబోటివానికి ఈ తరుగు గుండెలో ముల్లు వంటిది. మూడేండ్లు ఉపేక్షించిన నెల తప్పును. నెల తప్పిన విత్తు తప్పును.

మరియొక విశేషము. సూర్యుడు ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. మనము ఉత్తరాయణ పుణ్యకాలమును సంక్రాంతినాడు, జనవరి 14, 15 తేదీలలో జరుపుకొందుము. సుమారు 1700 ఏండ్ల క్రిందట ఈ రెండును ఒక్కటే. 72 ఏండ్లకొక దినము చొప్పున ఎడమైనవి. పంచాంగము వ్రాతలో జరిగినది. రాయి మాత్రము సూర్యుని చూచియే చెప్పును. లెక్కలను తనిఖీచేయు అధికారి వంటిది రాయి.

కాని ఈ సాక్షికొక బలహీనత కలదు. పుస్తకమును ఈ బీరువానుండి ఆ బీరువాకు మార్చినను అర్థము చెడదు. నిలువురాతిని పదడుగులు జరిపిన, రాయి మిగులును, లెక్క పోవును. దున్నుటకు అడ్డమని పెరికినను, గట్టునకు పనికివచ్చునని మోసికొనిపోయినను, అది పద్దు కొట్టివేయుటయే.

ఇది దూరపు సంగతి కాదు. ఆ విశ్వవిద్యాలయపు ఆవరణలోనే బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి హైటెక్ సిటీ చుట్టును ఎన్ని బండలు పగిలి పునాదులైనవో మనము చూచితిమి. మేడలు వలదని నేననను. మన పిల్లలకు అచ్చటనే జీవనము. పగులగొట్టుటకు ముందు ఒకమారు చదువుడని మాత్రమే నా మనవి. ఆ దీపకాంతి మన యాకాశమునకును ప్రాకి చుక్కలను మరుగుపరచుచున్నది. ఆకసము కానరానిచో ఆ రాళ్ల భాష యెవరికి తెలియును?

కావున ఈ గ్రంథాలయము పక్షమున మన యువకులు ముడుమాల్ చూచివచ్చి, మన పొలిమేరలోని పాతరాళ్ల పట్టికయొకటి వ్రాసి ఇచ్చటి బీరువాలో నుంచవలెనని కోరుచున్నాను. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన చేతులకు ఇది భారము కాదు.